తుఫాను నీళ్లు తాగిన మా చర్చి హార్మోనియం: తెనాలిలో రిపేరు చేయించిన అనుభవం

హార్మోనియం రిపేరు ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, నమ్మి ఇవ్వొచ్చా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. ముఖ్యంగా బాపట్ల, చీరాల, రేపల్లె వైపు సంఘాలవాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకసారి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. ఆ దుకాణానికి బోర్డు లేదు. తన పేరు ఎక్కడా వేయొద్దని మేస్త్రీగారు చెప్పారు కాబట్టి పేరు రాయడం లేదు. తెనాలిలో పద్యనాటకాలు ఆడేవాళ్లను ఎవరినడిగినా దారి చూపిస్తారు. పని 2023 డిసెంబరులో చేయించాం. ఏడాదిన్నర వాయించాక రాస్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు పెట్టె సంగతి. మాది సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లె, బాప్టిస్టు సంఘం. 1977 నవంబరు 19 నాటి తుఫానుకి మా పేటలో ఒక్క పూరిల్లు కూడా నిలబడలేదట. ఆ తర్వాత పంట చేతికొచ్చినప్పుడు ఇంటికిన్ని కుంచాలని ధాన్యం పోగుచేసి, అమ్మి, 1979లో ఈ హార్మోనియం కొన్నారు. మా నాన్నే విజయవాడ వెళ్లి తెచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సగం ఇళ్లకు ఇంకా తాటాకు కప్పు కూడా సరిగా పడలేదు, అయినా ముందు పెట్టె కొన్నారు. మూడున్నర స్థాయిలు, వేళ్లతో నొక్కే మెట్లు 42. గాలికి పలికే సన్నటి ఇత్తడి రేకులు, అంటే రీడ్లు, బేస్, మేల్ అని రెండు వరసలు. టేకు చెక్క. దానిమీదే నాన్న వాయించాడు, దానిమీదే నాకు నేర్పాడు. నలభై ఏళ్లకు పైగా ఆదివారం ఆరాధనకి, పెళ్లికి, సమాధి దగ్గరికి, క్రిస్మస్ నెలలో మెడకి తుండుగుడ్డ కట్టి వేలాడదీసుకుని ఇంటింటికీ తిప్పడానికి అన్నిటికీ అదే పెట్టె.

2023 డిసెంబరు 5, మంగళవారం. మిచౌంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. చర్చి మీద రేకులు నాలుగు లేచిపోయాయి. సరిగ్గా పెట్టె ఉన్న మూలే. నిండా నీళ్లు. మర్నాడు వెళ్లి చూస్తే పెట్టె మీద కప్పిన దుప్పటి చెరువులో ముంచినట్టుంది. తిత్తి అట్టలు ఉబ్బిపోయాయి. మెట్టు నొక్కితే దిగబడి పైకి రావడం లేదు.

నిజం చెప్పాలంటే ఆ రోజు పెట్టె గురించి నాకు బాధ కూడా కలగలేదు. నేను కౌలు రైతుని. నాలుగెకరాలు 5204 వేశాను, మా బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. రెండెకరాలు కోసి పనల మీద ఉంది. మిగతా రెండెకరాలు నిలబడున్నది నిలబడున్నట్టే చాపలాగా పడిపోయింది. నాలుగు రోజులు నీళ్లు తీయలేదు. ఐదో రోజు పన ఎత్తి చూస్తే కింద గింజలకు మొలకలొచ్చి తెల్లటి వేళ్లు వేలాడుతున్నాయి. చేతికొచ్చిన పంట. కౌలు బస్తాలు ఇవ్వాలి, ఎరువుల కొట్టులో బాకీ ఉంది, మా ఆవిడ డ్వాక్రాలో తెచ్చిన డబ్బూ అందులోనే పెట్టాం.

ఆ ఆదివారం, పదో తారీకు, చర్చికి వెళ్లాను కానీ పాడలేదు. వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్నాను. అయ్యగారు హబక్కూకు మూడో అధ్యాయం చివరి మాటలు చదివారు. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేనిలోని పైరు పంటకు రాకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను నా దేవునియందు సంతోషిస్తాను అనే మాట. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం కోపం వచ్చింది. అంజూరం మా చేలల్లో లేదు, ఆ మాట నన్ను తాకలేదు. చేనిలోని పైరు అన్నప్పుడు తాకింది. సంతోషించమని చెప్పడం అయ్యగారికి సులువే అనుకున్నాను. ఆయన ఇంటి రేకులు కూడా పోయాయన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి నాన్న బైబిలు తీసి అదే చోటు చూశాను, తప్పు పట్టుకుందామనే. అప్పుడు కనపడింది, ఎప్పుడూ చూడని చివరి ముక్క. ఆ అధ్యాయం అయిపోయాక కింద ప్రధాన గాయకుడికి ఒక సూచన ఉంది, దీన్ని తంతివాద్యాలతో పాడాలి అని. పైరు పోయిందని రాసినవాడు, పశువుల కొట్టం ఖాళీ అని రాసినవాడు, దాన్ని పాటగాళ్లకి అప్పజెప్పి వాయిద్యం కూడా చెప్పాడు. నలభై ఏళ్లు పెట్టె వాయించినవాణ్ణి, ఆ మాట నాకోసమే అక్కడ రాసిపెట్టినట్టు అనిపించింది. పంట బాగున్నప్పుడు వాయించి, పోయినప్పుడు గోడకి ఆనుకోవడానికి కాదు కదా మా నాన్న నాకు పెట్టె నేర్పింది.

ఆ సాయంత్రం సంఘ పెద్దలం కూర్చున్నాం. డబ్బు లెక్కలు చూసేది నేనే. మైకు సెట్టు కోసం దాచినవి ఏడు వేల చిల్లర ఉన్నాయి. కుర్రాళ్లు ఫోనులో ట్రాక్ పెట్టుకుని పాడుకుందాం అన్నారు. వాళ్లను తప్పు పట్టను, ఊరంతా నష్టంలో ఉన్నప్పుడు ఎవరైనా అనే మాటే. ఒక పెద్దాయన మాత్రం పాత కరువు సంగతి ఎత్తాడు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ కాలవలో మట్టి మోసినవాళ్లలో మా పేట ముత్తాతలు ఉన్నారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంప నెత్తినుండగానే పాటలు నేర్చుకున్నారని మా పేటలో తరతరాలుగా చెప్పుకునే మాట. "మనోళ్లు కడుపు నిండినాక పాడటం మొదలెట్టలేదురా" అన్నాడాయన. మైకు డబ్బులు పెట్టెకి వాడదామని నేనే రాసి సంతకం పెట్టాను.

మర్నాడు సోమవారం పెట్టెని గోనెసంచిలో చుట్టి బాపట్లలో పాసింజరు ఎక్కాను. అప్పికట్ల, నిడుబ్రోలు, తెనాలి దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను, కింద పెడితే అదురుతుందని. దారి పొడవునా రెండు వైపులా పడిపోయిన చేలే.

తెనాలి ఎందుకంటే, పదేళ్ల క్రితం వేరే ఊళ్లో ఒక దుకాణంలో ఇచ్చి దెబ్బతిన్నాం. వాళ్లు రీడ్లకి మిషన్ నూనె వేశారు. వేసిన వారం బాగానే పలికింది. తర్వాత దుమ్మంతా ఆ నూనెకి పట్టుకుని ఒక్కో స్వరం బొంగురుపోయింది. తిత్తి తోలుకి తెల్ల జిగురు దట్టించి పూశారు, అది గట్టిపడి మడత దగ్గర పగిలింది. ఆ అనుభవంతో ఈసారి నాటకాల వాళ్లని వాకబు చేసుకుని వెళ్లాను.

దుకాణం అంటే ఒక పెంకుటింటి వరండా. రెండు చెక్క బెంచీలు, గోడకి తిత్తులు, వెంకటేశ్వరస్వామి పటం. మేస్త్రీగారికి డెబ్బై దాటుంటాయి. కుర్రతనంలో నాటకాలకి హార్మోనియం వాయించినాయన. పెట్టె విప్పేముందు దాని మీద చెయ్యి వేసి కళ్లకద్దుకున్నారు. ఇది ఏ గుడిది అని అడిగారు. చర్చిది అన్నాను. "ఎన్నేళ్లయింది కొని?" అన్నారు. 79 అనగానే ముఖం వెలిగింది. లోపల బోర్డు తీసి చూసి, "పాలిటానా రీడ్లు. వీటిని పారేస్తే పాపం తమ్ముడూ" అన్నారు. గుజరాత్‌లోని పాలిటానా ఊరు హార్మోనియం రీడ్లకు పేరుమోసిందని నాకు ఆయన చెబితేనే తెలిసింది.

నాకు ఆయన పనితనం నచ్చింది ఇక్కడే. నా ముందే 84 రీడ్లూ ఒక్కొక్కటే విప్పి, పాత న్యూస్‌పేపరు మీద పెన్సిల్‌తో నంబర్లు వేసి వరసగా పరిచారు. కొన్నిటికి పచ్చగా చిలుము పట్టింది. నూనె ముట్టలేదు. పొడి బ్రష్షు, పల్చటి బ్లేడు, అంతే. రెండు రీడ్లు మొదట్లో చీలినట్టున్నాయి, వాటిని నా చేత వేలితో తాకించి చూపించారు. కొత్తవి వేయొచ్చు కానీ పక్క స్వరాలతో గొంతు కలవదని, తన దగ్గరున్న పాత పెట్టెల్లోంచి అదే వయసు రీడ్లు వెతికి వేస్తానన్నారు. ఇలా చెప్పి చేసేవాళ్లు తక్కువ.

ఇక అసలు పేచీ. క్రిస్మస్‌కి కావాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "చెక్క నీళ్లు తాగింది తమ్ముడూ. పైకి ఆరినట్టు కనపడుద్ది, లోపల తడుంటది. ఇప్పుడు తోలు అతికిస్తే పట్టుద్ది, ఎండలు ముదరగానే ఊడుద్ది. పండక్కే కావాలంటే ఇస్తా. ఏప్రిల్లో మళ్లీ ఇదే బండెక్కి వస్తావు." ఎండలో పెడితే త్వరగా ఆరదా అంటే, ఎండలో పెడితే పలక వంకర తిరుగుద్ది, నీడలోనే ఆరాలి అన్నారు. ఇరవయ్యో తారీకుకి ఒకసారి ఫోన్ చెయ్యమన్నారు. చేశాను, ఎత్తలేదు. ఇరవై రెండున చేశాను, ఎత్తలేదు. ఈ ఒక్క విషయంలో ఆయన మీద నాకు కంప్లయింటుంది. పని ఆలస్యమైతే అర్థం చేసుకుంటాం, కానీ ఫోన్ ఎత్తి ఒక్క మాట చెబితే ఆ టెన్షన్ ఉండేది కాదు.

అలా క్రిస్మస్ పెట్టె లేకుండానే వచ్చింది.

ఆ పొద్దు గురించి రాయకపోతే ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్నది చెప్పినట్టు కాదు. కప్పు పోయినచోట నీలం పట్టా కట్టాం. అది గాలికి టపటప కొట్టుకుంటోంది. పెట్టె ఉండే స్టాండు ఖాళీ. నేను దాని పక్కనే నిలబడ్డాను, ఇంకెక్కడ నిలబడాలో తెలియక. ప్రతి ఏడూ నేను శృతి ఇస్తేగానీ పాట లేవదు. ఆ రోజు శృతి ఇచ్చేవాళ్లు లేరు. కాసేపు ఎవరూ గొంతెత్తలేదు. అప్పుడు మా మేనత్త, ఎనభై ఏళ్ల మనిషి, కూర్చున్నచోటునుంచే పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి అందుకుంది. తన శృతిలో, ఐదు శృతికీ ఐదున్నర శృతికీ మధ్య ఎక్కడో. ఆడవాళ్లు అందుకున్నారు. తాళాలు కలిశాయి, డప్పు కలిసింది. ఆ కీర్తనలు 19వ శతాబ్దంలో రాసినవి, మన రాగాల్లో, మన తాళాల్లో కట్టినవి. అందుకే వాయిద్యం లేకపోయినా నిలబడతాయని ఆ రోజు నాకు బాగా తెలిసింది.

నేను నలభై ఏళ్లు వేళ్లతోనే పాడాను. మెట్ల మీద చెయ్యుంటే నోరు మెదపకపోయినా ఎవరికీ తెలియదు. ఆ రోజు చేతుల్లో ఏమీ లేదు. రెండో చరణంలో నా నోరు తెరుచుకుంది. ఏడుపూ పాటా రెండూ ఒకేసారి వచ్చాయి. పక్కన మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, పదిమందిలో ఎన్నడూ అలా పట్టుకోలేదు. నా చేలో గింజ అప్పటికీ మొలకలతోనే ఉంది. అప్పు అప్పుగానే ఉంది. అయినా నా దేవుడు నాకున్నాడన్న సంతోషం లోపల్నుంచి పొంగుకొచ్చింది. దాన్ని నేను తెచ్చిపెట్టుకోలేదు. ధైర్యం చెప్పుకోవడం వేరు, ఇది వేరు. పట్టా కింద తడినేల మీద నిలబడి మేం ఆ పొద్దున పాడినంత గట్టిగా మంచి పంట పండిన ఏడు కూడా పాడలేదని మా మేనత్తే అంది.

డిసెంబరు 30, శనివారం మేస్త్రీగారే ఫోన్ చేశారు, వచ్చి తీసుకెళ్లమని. వెళ్లేసరికి పెట్టె బెంచీ మీద ఉంది. ఒక్కసారి తిత్తి నింపి, స్టాపర్లన్నీ మూసేసి వదిలేశారు. గాలి పోకుండా తిత్తి అలాగే నిలిచింది. ఇంత బిగువుగా ఉండటం నాన్న రోజుల్లో కూడా చూడలేదు. శృతి ఫోనులో ట్యూనర్ పెట్టి సరిచూశారు, తర్వాత ఫోను పక్కన పెట్టి, ఒక్కో స్వరాన్ని పై స్థాయితో కలిపి విని చెవితో సరిచేశారు. రీడు కొసన గీకితే శృతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది అని చూపించారు. చూసి నేర్చుకున్నాను కానీ చేసే ధైర్యం లేదు, వెంట్రుకంత ఎక్కువ గీకినా రీడు పాడవుతుంది. మాటల్లో చెప్పారు, ఆలిండియా రేడియోవాళ్లు 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని వద్దన్నారట. ఆ రోజుల్లోనూ తెనాలి నాటకాల్లో పెట్టె ఆగలేదని ఆయన చెబుతుంటే గొంతులో పౌరుషం వినపడింది.

ఖర్చు: తిత్తికి కొత్త అట్టలు, తోలు 2,400. రీడ్లు శుభ్రం చేసి శృతి చేసినందుకు 2,500. మార్చిన రెండు రీడ్లు, మెట్ల కింద ఫెల్టు, తుప్పు పట్టిన స్ప్రింగులు కలిపి 1,100. పాలిష్ 500. మొత్తం 6,500. కాగితం మీద రాసిచ్చారు, ముందు చెప్పినదానికంటే రూపాయి పెరగలేదు. ఇలాంటి పెట్టె కొత్తది కొనాలంటే మాకు చెప్పిన ధర ఇరవై రెండు వేలు. ఆ ధరకి ఈ చెక్క, ఈ రీడ్లు రావు. కీబోర్డు కొనుక్కోమని చెప్పేవాళ్లున్నారు. కుర్రాళ్ల కొత్త పాటలకి కీబోర్డు బాగుంటుంది, కాదనను. కరెంటు పోయిన రాత్రి, సమాధి దగ్గర, వీధుల్లో తిరిగేటప్పుడు హార్మోనియమే కావాలి.

మర్నాడే ఆదివారం, డిసెంబరు 31. పొద్దున ఆరాధనలో, మళ్లీ రాత్రి పాత ఏడు సాగనంపే ఆరాధనలో వాయించాను. మేనత్త శృతికే పెట్టెని కలిపాను, ఆమెను నా శృతికి రమ్మనలేదు. అప్పటినుంచీ అలాగే చేస్తున్నాను.

ఏడాదిన్నర తర్వాత పరిస్థితి ఇదీ. తిత్తి ఎక్కడా వదల్లేదు. శృతి నిలబడింది, ఒక్క వానాకాలంలో కూడా మెట్టు ఇరుక్కోలేదు. లోపం ఒకటుంది: మంద్ర స్థాయిలో నిషాదం, అంటే కింది 'ని', మెల్లగా వాయిస్తే ఆలస్యంగా పలుకుతుంది, గాలి కొంచెం ఎక్కువ ఇవ్వాలి. మార్చిన రెండు రీడ్లలో అదొకటి. తీసుకొస్తే ఊరికే సరిచేస్తానన్నారు, నాకే వెళ్లడం కుదరలేదు. పాలిష్ వాసన రెండు నెలలు పోలేదు, దగ్గరగా కూర్చునేవాళ్లకి తలనొప్పి వచ్చింది. పాలిష్ వద్దని ముందే చెబితే ఐదొందలు మిగులుతాయి, ఇబ్బందీ ఉండదు. పెట్టె పంపడానికి ఆయన దగ్గర ఏర్పాటేమీ లేదు, మనమే మోసుకెళ్లి మోసుకురావాలి.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి ఆయన చెప్పిన జాగ్రత్తలు నాలుగు మాటల్లో. వాయించడం అయ్యాక స్టాపర్లు మూసి తిత్తికి కొక్కెం పెట్టాలి. గోడకి ఆనించి ఉంచొద్దు, గోడ చెమ్మ పీల్చుకుంటుంది. తడిగుడ్డతో తుడవొద్దు. రీడ్లకి నూనె, కొబ్బరినూనె, ఏదీ వద్దు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టెలో కాదు, పెట్టె పక్కన ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఒక్కరోజు కాకుండా రోజూ పది నిమిషాలైనా వాయించాలి. గాలి ఆడని రీడుకే ముందు చిలుము పడుతుందట. అందుకని నేను రోజూ చేలోనుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చర్చి తలుపు తీసి ఒక కీర్తన వాయిస్తున్నాను. ఈ మధ్య పక్కింటి పిల్ల ఒకతె వచ్చి కూర్చుంటోంది, సరిగమలు మొదలుపెట్టాం.

కొత్తగా వెళ్లేవాళ్లు పొద్దున పదింటికి ముందే వెళ్లండి, మధ్యాహ్నం ఆయన పడుకుంటారు. పండగ మీదికి తెచ్చుకోకుండా కనీసం నెలన్నర ముందు ఇవ్వండి. ఫోన్ మీద ఆధారపడొద్దు. వచ్చే బుధవారం అప్పికట్ల వైపు ఒక సంఘంవాళ్ల పెట్టె తీసుకుని నేను మళ్లీ వెళ్తున్నాను. మా నిషాదం కూడా అప్పుడే చూపించుకొస్తాను.